ఆల్ప్స్ కింద 57 కిలోమీటర్ల రైలు సొరంగం: ఎవరి లెక్క కరెక్ట్?

ఈ ఎపిసోడ్‌లో ఒక సొరంగం గురించి మాట్లాడుకుందాం. మన దగ్గరది కాదు. ఫ్రాన్స్‌కీ ఇటలీకీ మధ్య ఆల్ప్స్ పర్వతాల కింద తవ్వుతున్న లియాన్–ట్యూరిన్ రైలు సొరంగం. పొడవు 57.5 కిలోమీటర్లు. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన రైలు సొరంగం స్విట్జర్లాండ్‌లోని గోట్‌హార్డ్, అది 57 కిలోమీటర్లు. ఇది పూర్తయిన రోజున ఆ రికార్డు పోతుంది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, కృష్ణపట్నం పోర్టు లైను కోసం వెలిగొండ కొండల్లో తవ్విన సొరంగం దాదాపు ఆరున్నర కిలోమీటర్లు. అలాంటివి తొమ్మిది దాకా వరసగా పెట్టుకోండి.

సొరంగం అనగానే మన న్యూస్ ఛానల్స్‌లో వచ్చే మొదటి ప్రశ్న "ఎంత పొడవు?" రెండోది "ఎన్ని కోట్లు?" అక్కడితో ఆగిపోతారు. "దీని వల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ లియాన్–ట్యూరిన్ విషయంలో మాత్రం అదొక్కటే ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నారు. దాని మీద ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి, ప్రొఫెసర్లు పోట్లాడుకున్నారు, ఒక రచయిత కోర్టు బోనెక్కాడు, ఒక ప్రభుత్వం కూలడానికి ఇదీ ఒక కారణం అయింది. అందుకే ఈ టాపిక్ తీసుకున్నాను. ఫ్రెంచ్, ఇటాలియన్ పేర్లు నేను పలికే తీరు విని నవ్వుకుంటే నవ్వుకోండి, పర్లేదు.

ముందు అక్కడ ఇప్పటికే ఏముందో చూద్దాం. ఫ్రాన్స్ వైపు మోదాన్, ఇటలీ వైపు బార్దొనెక్కియా. ఈ రెండు ఊళ్ళ మధ్య ఫ్రేజూస్ అనే రైలు సొరంగం 1871 నుంచీ నడుస్తోంది. ఆల్ప్స్ కింద తవ్విన మొదటి పెద్ద సొరంగం అదే. 1857లో పని మొదలుపెట్టినప్పుడు అది రెండు దేశాల ప్రాజెక్ట్ కాదు. రెండు వైపులా ఒకే రాజ్యం, సార్డీనియా రాజ్యం. మధ్యలో 1860లో సావోయ్ ప్రాంతం ఫ్రాన్స్‌కి వెళ్ళిపోయింది. అంటే తవ్వడం మొదలుపెట్టినప్పుడు సొంత ఇంట్లో రెండు గదుల మధ్య దారి, పూర్తయ్యేసరికి రెండు ఇళ్ళ మధ్య దారి. జెర్మాన్ సొమ్మెయే అనే ఇంజనీర్ గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లింగ్ మెషీన్లు తెచ్చాడు. పాతికేళ్ళు పడుతుందనుకున్న పని 14 ఏళ్ళలో అయిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇప్పటి కథలో అనుకున్న టైముకన్నా ముందు అయింది అనే మాట ఇంకెక్కడా రాదు.

మరి సొరంగం ఉండగా ఇంకొకటి దేనికి? సమస్య సొరంగంలో కన్నా దాని ఎత్తులో ఉంది. ట్యూరిన్ నగరం సముద్రమట్టానికి సుమారు 240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫ్రేజూస్ సొరంగం దాదాపు 1300 మీటర్ల ఎత్తులో ఉంది. 19వ శతాబ్దంలో కొండ అడుగున తవ్వే టెక్నాలజీ లేదు కాబట్టి, రైలుని కొండ మీదికి ఎక్కించి, పైన సన్నగా ఉన్న చోట తవ్వారు. అంతవరకూ ఎక్కాలంటే వాలు కొన్ని చోట్ల వెయ్యి మీటర్లకి 30 మీటర్లు, ఇంకా ఎక్కువ కూడా. అంటే 33 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకి. మన అరకు లైను గుర్తుందా? అక్కడ ఘాట్ వాలు 60కి ఒకటి. దానికి దాదాపు రెట్టింపు నిటారు అన్నమాట.

ఇక్కడ ఫిజిక్స్ చాలా సింపుల్. వెయ్యి టన్నుల గూడ్స్ బండిని వెయ్యికి 30 వాలు మీద ఎక్కించాలంటే, ఆ వాలుని జయించడానికే 30 టన్నుల బరువెత్తేంత బలం కావాలి. కొత్త సొరంగంలో వాలు వెయ్యికి 12.5 మించదు. అప్పుడు పన్నెండున్నర టన్నుల బలం చాలు. పాత లైనులో బరువైన గూడ్స్‌కి రెండు మూడు ఇంజన్లు తగిలించాలి. కొత్తదాంట్లో చాలావరకూ ఒక ఇంజన్‌తో పోతుంది. రైల్వేకి ఇది డబ్బు, డ్రైవర్లు, కరెంటు, టైము, అన్నీ. కొండ ఎక్కకుండా అడుగునుంచే తవ్వుకుంటూ పోయేదాన్ని బేస్ టన్నెల్ అంటారు. ఫ్రాన్స్‌లో సెయింట్ జాన్ ద మోరియెన్ దగ్గర లోపలికెళ్తే, ఇటలీలో సూసా దగ్గర బయటికొస్తుంది. అందులో 45 కిలోమీటర్లు ఫ్రాన్స్ భూమి కింద, పన్నెండున్నర ఇటలీ కింద. వెళ్ళడానికి ఒక గొట్టం, రావడానికి ఒక గొట్టం. వాటిని కలిపే దారులు, గాలి కోసం, మనుషులు బయటపడడం కోసం తవ్వేవి అన్నీ కలిపితే 164 కిలోమీటర్ల తవ్వకం. ప్యాసింజర్లకి కూడా లాభమే. పారిస్ నుంచి మిలాన్‌కి ఇప్పుడు ఏడు గంటల దాకా పట్టే ప్రయాణం నాలుగున్నరకి వస్తుందని కట్టే సంస్థ చెబుతోంది. ఆ సంస్థ పేరు టెల్ట్, రెండు దేశాలదీ ఉమ్మడి కంపెనీ.

ఖర్చు? మొదట 2012 నాటి ధరల్లో 8.6 బిలియన్ యూరోలు అన్నారు. 2024లో లెక్క సవరించి, అవే 2012 ధరల్లో 11.1 బిలియన్ అన్నారు. యూరోకి వంద రూపాయలు వేసుకుంటే లక్షా పదకొండు వేల కోట్లు. అది కూడా మధ్య సొరంగం ఒక్కదానికే. ప్రారంభం 2033 చివరికి అంటున్నారు. ఇందులో యూరోపియన్ యూనియన్ సుమారు 40 శాతం పెడుతుంది, మిగతాది ఇద్దరూ పంచుకుంటారు. తమాషా ఏంటంటే, ఇటలీ భూమి కింద పన్నెండున్నర కిలోమీటర్లే ఉన్నా ఇటలీ వాటానే ఎక్కువ. ఎందుకంటే ఫ్రాన్స్ వైపు సొరంగం దాకా వచ్చే లైన్లు కట్టడానికి ఖర్చు ఎక్కువ, అవి ఫ్రాన్స్ సొంతంగా కట్టుకోవాలి అన్న ఒప్పందం అది. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

కావాలి అనేవాళ్ళ వాదన లారీలతో మొదలవుతుంది. ఫ్రాన్స్–ఇటలీ సరిహద్దు మీదుగా ఏటా సుమారు 30 లక్షల లారీలు పోతాయి. సరుకులో తొంభై శాతం పైగా రోడ్డు మీదే. ఇరుకు లోయలు, పొగ పైకి పోదు, అక్కడే కూర్చుంటుంది. ఇంకొకటి, 1999 మార్చి 24. మాంట్ బ్లాంక్ రోడ్డు సొరంగంలో పిండీ, మార్గరీనూ తీసుకెళ్తున్న ఒక లారీ అంటుకుంది. 39 మంది చనిపోయారు. ఆ సొరంగం మళ్ళీ తెరవడానికి మూడేళ్ళు పట్టింది. 2005లో ఫ్రేజూస్ రోడ్డు సొరంగంలో ఇంకో అగ్నిప్రమాదం, ఇద్దరు చనిపోయారు. ఆ లోయల్లో బతికేవాళ్ళకి "లారీలు రైలెక్కాలి" అన్నది ఏదో పర్యావరణ స్లోగన్ కాదు. చూసిన శవాలు అవి.

ఇక్కడిదాకా వింటే "మరి కట్టేయొచ్చుగా, గొడవేంటి?" అనిపిస్తుంది. గొడవ ఎక్కడంటే, పాత లైను ఖాళీగా ఉంది.

అవును, ఖాళీగానే. 1990ల చివర్లో ఆ పాత ఫ్రేజూస్ లైను మీద ఏడాదికి కోటి టన్నుల దాకా సరుకు పోయేది. తర్వాత పడిపోతూ వచ్చి, 2017 నాటికి 30 లక్షల టన్నుల లోపుకి వచ్చింది. అంతకుముందు వేసిన అంచనాలన్నీ పైకే పోయే గీతలు. 2035 నాటికి 2 కోట్ల 40 లక్షల టన్నులు అని ప్రాజెక్ట్ వాళ్ళ అంచనా. యూరోపియన్ కోర్ట్ ఆఫ్ ఆడిటర్స్, అంటే యూనియన్ ఖర్చులకి మన కాగ్ లాంటి సంస్థ, 2020లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. అందులో ఇదే ఎత్తి చూపించింది: మీ అంచనా ఇప్పటి ట్రాఫిక్‌కి ఎనిమిది రెట్లు అని. ఖర్చు మొదటి అంచనా కన్నా 85 శాతం పెరిగిందని, 15 ఏళ్ళు ఆలస్యమైందని కూడా అదే రిపోర్ట్ చెప్పింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు కెపాసిటీ ప్లానింగ్ అని ఒక మీటింగ్ ఉండేది. వచ్చే ఏడాదికి ఎంతమంది యూజర్లు వస్తారో ముందే చెప్పాలి, దాన్ని బట్టి సర్వర్లు తీసుకోవాలి. అక్కడ చూసింది ఏంటంటే, ఎక్సెల్ షీట్‌లో గీత ఎప్పుడూ పైకే పోతుంది. ఎందుకంటే ఆ గీత గీసేవాడికి సర్వర్లు కావాలి. సర్వర్లయితే అద్దెకి తీసుకుంటాం, జనం రాకపోతే ఆపేస్తాం. కొండలో తవ్విన కన్నాన్ని ఆపేయలేం.

అయితే పాత లైను ఖాళీగా ఉండటానికి కారణమే దాని వాలు, దాని వయసు అని కావాలనేవాళ్ళు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. పాత సొరంగం ఒకే గొట్టంలో రెండు ట్రాకులు. అలాంటి దాంట్లో ప్యాసింజర్ రైలూ, గూడ్సూ ఎదురెదురుగా వెళ్ళడం ఈనాటి సేఫ్టీ రూల్స్‌కి సరిపడదు. మూడు ఇంజన్లు కట్టి నష్టానికి ఎవడు నడుపుతాడు? దారి బాగా లేదు కాబట్టి ఎవరూ పోవట్లేదు, ఎవరూ పోవట్లేదు కాబట్టి దారి అక్కర్లేదు అంటారా, అని వాళ్ళ ప్రశ్న. వినడానికి బాగుంటుంది. కానీ అదే పాత లైను మీద అవే ఇంజన్లతో కోటి టన్నులు పోయిన రోజులున్నాయి కదా. మధ్యలో వాలు పెరగలేదు. పెరిగింది పక్కనున్న రోడ్డు సౌకర్యం, స్విట్జర్లాండ్ మీదుగా పోయే రైలు సౌకర్యం. ఇంకో చిన్న విషయం కూడా ఉంది. ఆ 30 లక్షల లారీల్లో దాదాపు సగం మధ్యధరా తీరం వెంబడి వెంటిమీలియా మీదుగా పోతాయి. స్పెయిన్ నుంచి ఇటలీకి వచ్చే సరుకు అది. అవన్నీ తీరం వదిలి కొండల వైపు వచ్చి ఈ రైలెక్కుతాయా అంటే, తేలిగ్గా ఎక్కవు.

కార్బన్ సంగతీ ఉంది. సొరంగం కట్టడానికే బోలెడు సిమెంటు, స్టీలు, కరెంటు. మొత్తం లింకు కట్టడంలో కోటి టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ఫ్రాన్స్ రైల్వే మౌలిక సంస్థే 2012లో అంచనా వేసింది. లారీలు తగ్గడం వల్ల అది ఎప్పటికి తిరిగొస్తుంది? ఆడిటర్లు పెట్టుకున్న నిపుణులు, సొరంగం తెరిచాక 25 ఏళ్ళు అన్నారు. అది కూడా అనుకున్నంత ట్రాఫిక్ వస్తేనే. సగమే వస్తే 50 ఏళ్ళు. 2033కి 50 కలుపుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించిన భాగానికి వద్దాం. 2018లో ఇటలీలో ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్, లీగ్ అనే రెండు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టాయి. ఫైవ్ స్టార్‌కి ఈ సొరంగం వద్దు, లీగ్‌కి కావాలి. ట్రాన్స్‌పోర్ట్ మంత్రి దనీలో తొనినెల్లి ఫైవ్ స్టార్ మనిషి. ఆయన మార్కో పొంటి అనే ప్రొఫెసర్ నాయకత్వంలో ఒక బృందం వేసి, లాభనష్టాల లెక్క తీయమన్నాడు. 2019 ఫిబ్రవరిలో రిపోర్ట్ వచ్చింది. దేశానికి మొత్తం మీద దాదాపు 7 బిలియన్ యూరోల నష్టం అని తేలింది. బృందంలో ఆరుగురు. వారిలో పియెర్‌లుయిజి కొప్పోలా అనే ప్రొఫెసర్ సంతకం పెట్టలేదు.

అందరినీ షాక్ చేసింది ఆ 7 కాదు. రిపోర్ట్‌లో రెండు సీన్లు ఉన్నాయి. ఒకటి, ట్రాఫిక్ ఓ మాదిరిగా వస్తే. రెండోది, ప్రాజెక్ట్ వాళ్ళు చెప్పినట్టు బ్రహ్మాండంగా వస్తే. మామూలుగా ఎక్కువ మంది వాడితే నష్టం తగ్గాలి కదా? ఇక్కడ పెరిగింది. బ్రహ్మాండంగా వచ్చే సీన్‌లో నష్టం 7 కాదు, దాదాపు 8 బిలియన్లు. ఇదేం లెక్క అని పేపర్లన్నీ ఎగతాళి చేశాయి. కారణం ఏంటంటే, లారీలు రైలెక్కితే డీజిల్ మీద ప్రభుత్వానికొచ్చే పన్ను, హైవే టోలు పోతాయి. వాటిని పొంటి బృందం నష్టం కింద రాసింది.

"పొగ తగ్గితే పన్ను పోయిందని ఏడుస్తారా?" అని చాలామంది అన్నారు. నేను కూడా మొదట చదివినప్పుడు కామెడీ అనుకున్నాను. కాసేపు పేపరూ పెన్నూ పట్టుకుని కూర్చుంటే, అది అంత తెలివితక్కువ లెక్కేమీ కాదని అర్థమైంది. మీకూ చూపిస్తాను. ఈ అంకెలు కేవలం ఉదాహరణకి, నేను వేసుకున్నవి.

ఒక వ్యాపారి ఉన్నాడు. సరుకు లారీలో పంపితే 1000 యూరోలు. అందులో 200 డీజిల్ పన్నూ టోలూ. రైల్లో అయితే ఇన్నాళ్ళూ 1010 అయ్యేది, అందుకని లారీలోనే పంపేవాడు. సొరంగం వచ్చాక రైలు 950 అయింది. వెంటనే రైలుకి మారాడు. అతనికి మిగిలింది ఎంత? 50. ప్రభుత్వానికి పోయింది ఎంత? 200. ఇద్దరినీ కలిపి ఒకే ఇల్లు అనుకుంటే, ఇంటికి 150 నష్టం. అయిపోయిందా? కాలేదు. ఆ లారీ రోడ్డు మీద తిరిగినప్పుడు పొగ, యాక్సిడెంట్లు, ట్రాఫిక్ జామ్, రోడ్డు అరుగుదల. వాటివల్ల ఊరికి జరిగే నష్టం ఇప్పుడు తప్పింది. ఆ తప్పిన నష్టం విలువ 200 అనుకుంటే, మొత్తం మీద 50 లాభం. 120 అనుకుంటే 30 నష్టం. అంటే ఆట మొత్తం ఒకే ప్రశ్న మీద ఆధారపడింది: లారీ కట్టే పన్ను ఎక్కువా, లారీ చేసే హాని ఎక్కువా?

పొంటి బృందం వాదన ఇదే. యూరప్‌లో లారీలు ఇప్పటికే చాలా పన్ను కడుతున్నాయి, అది అవి చేసే హాని కన్నా ఎక్కువ, కాబట్టి వాటిని బలవంతంగా రైలెక్కించడానికి బిలియన్లు పోయడం దండగ అని. దీన్ని ఎదిరించేవాళ్ళ బలమైన వాదన, పన్నుని లెక్కలోంచి తీసేయమనడం కాదు. హానికి మీరు వేసిన ధర తక్కువ అన్నది. ఆల్ప్స్ లోయలో పొగ, మైదానంలో పొగ ఒకటి కాదు. మాంట్ బ్లాంక్ లాంటి ప్రమాదానికి ధర ఎంత? 2060లో ఒక టన్ను కార్బన్‌కి ధర ఎంత? ఇవన్నీ ఎవరో ఒకరు ఒక అంకె వేయాల్సిందే. వేసినవాడు ఎటు మొగ్గితే సొరంగం అటు మొగ్గుతుంది. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది, ఇది నా సొంతది. కొన్నేళ్ళకి లారీలే కరెంటు మీద నడిస్తే? అప్పుడు పోయే డీజిల్ పన్నూ ఉండదు, తప్పే పొగా ఉండదు. రెండు వైపుల లెక్కా మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ లెక్క రాజకీయంగా ఏమైంది? ఏమీ కాలేదు. 2019 జూలై 23న ప్రధాని జుసెప్పె కోంతె జనం ముందుకొచ్చి, ఇప్పుడు ఆపితే పూర్తి చేయడం కన్నా ఎక్కువ ఖర్చవుతుంది అన్నారు. యూరోపియన్ యూనియన్ ఇచ్చిన డబ్బు తిరిగి కట్టాలి, ఫ్రాన్స్‌తో ఒప్పందం. ఆగస్టు 7న సెనేట్‌లో ఫైవ్ స్టార్ పెట్టిన "ఆపండి" తీర్మానం ఓడిపోయింది. ఒకే ప్రభుత్వంలోని రెండు పార్టీలు ఒకదానికి వ్యతిరేకంగా ఒకటి ఓటేశాయి. మర్నాడే లీగ్ నాయకుడు మత్తేయో సాల్వీని ఈ ప్రభుత్వంతో ఇక కుదరదు, ఎన్నికలకి పోదాం అన్నాడు. ఆ నెలలోనే ప్రధాని రాజీనామా చేశారు. కూలడానికి సొరంగం ఒక్కటే కారణం అనను, కానీ పైకి కనపడిన పగులు అదే.

కోంతె మాటలో ఒక మెలిక ఉంది, గమనించండి. "ఇప్పటిదాకా ఇంత పోశాం కాబట్టి పూర్తి చేద్దాం" అనేది తప్పు లెక్క. పోసింది ఎలాగూ తిరిగిరాదు. "ఇకముందు పూర్తి చేయడానికి ఎంత, ఆపడానికి ఎంత" అనేది సరైన లెక్క. ఆయన అన్నది రెండోది. కానీ ఆపడానికి అంత ఖర్చయ్యే స్థితికి ఎలా వచ్చారు? పరీక్ష కోసం అంటూ తవ్వి. సెయింట్ మార్టిన్ లా పోర్ట్ దగ్గర రాయి ఎలా ఉందో తెలుసుకోవడానికి అని 9 కిలోమీటర్ల గ్యాలరీ తవ్వారు. అక్కడ రాయి నిజంగానే మొండిది. బొగ్గు కలిసిన రాయి, తవ్విన గోడలు లోపలికి మీటర్ల కొద్దీ నొక్కుకొచ్చిన చోటు అది. పరీక్ష అవసరమే. కానీ ఆ 9 కిలోమీటర్లు అసలు సొరంగం వెళ్ళే గీత మీదే, అసలు సొరంగం సైజులోనే ఉన్నాయి. టెస్టింగ్ అని చెప్పి ప్రొడక్షన్‌లో పెట్టేయడం మాకు సాఫ్ట్‌వేర్‌లో బాగా తెలిసిన విద్యే.

ఇక సూసా లోయ. ఇటలీ వైపు ఉన్న ఈ లోయలో ఇప్పటికే ఒక నది, పాత రైలు లైను, హైవే, మామూలు రోడ్లు అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. 1990ల నుంచే అక్కడ "నో టావ్" అనే ఉద్యమం ఉంది. టావ్ అంటే వాళ్ళ భాషలో హైస్పీడ్ రైలు. రైతులు, టీచర్లు, మేయర్లు, చర్చికెళ్ళే ముసలమ్మలు, అరాచకవాదులు, అందరూ ఒకే జెండా కింద. 2005 డిసెంబర్‌లో వెనౌస్ అనే ఊళ్ళో పొలాల్లో టెంట్లు వేసుకుని కూర్చున్నవాళ్ళని పోలీసులు రాత్రిపూట కొట్టి ఖాళీ చేయించారు. రెండు రోజులకి వేలాది మంది నడిచి వచ్చి ఆ పొలాన్ని మళ్ళీ ఆక్రమించారు. ట్యూరిన్‌లో వింటర్ ఒలింపిక్స్‌కి ఇంకా రెండు నెలలే ఉంది. ప్రభుత్వం వెనక్కి తగ్గి, చర్చలకి ఒక వేదిక పెట్టింది, తర్వాత సొరంగం దారే మార్చింది. 2011లో కియోమోంతె దగ్గర కొత్త సైటు, మళ్ళీ గొడవలు, రెండు వైపులా గాయాలు. ఆ సైటు చుట్టూ ఇప్పటికీ కంచె, కాపలా. ఎర్రి దె లూకా అనే పేరున్న రచయిత ఈ ప్రాజెక్ట్‌ని విధ్వంసం చేయాల్సిందే అని ఒక ఇంటర్వ్యూలో అన్నందుకు కేసు పెట్టారు. 2015 అక్టోబర్‌లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది.

వాళ్ళ భయాలు గాల్లోంచి పుట్టినవి కాదు. కొండ రాయిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దుమ్ము లేస్తే ఊపిరితిత్తుల్లోకి. నీటి ఊటలు పోతాయని ఇంకో భయం. అదే ఇటలీలో ఫ్లోరెన్స్–బొలోన్యా హైస్పీడ్ లైను సొరంగాలు తవ్వినప్పుడు ముజెల్లో ప్రాంతంలో వాగులు, ఊటలు ఎండిపోయాయి. అది చూసిన జనం "మీ మాట నమ్మమంటారా?" అంటే, జవాబు చెప్పడం కష్టం. వీళ్ళని అభివృద్ధి నిరోధకులు అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళు, ఆ లోయలో ఇరవై ఏళ్ళు దుమ్ము పీల్చేది తాము కాదన్న సంగతి మర్చిపోతారు.

2023 ఆగస్టులో కథ ఇంకో మలుపు తిరిగింది. ఆగస్టు 10న స్విట్జర్లాండ్ గోట్‌హార్డ్ బేస్ టన్నెల్‌లో ఒక గూడ్స్ బండి పట్టాలు తప్పింది. పూర్తిగా బాగుచేయడానికి ఏడాది పైనే పట్టింది. ఆగస్టు 27న ఫ్రాన్స్‌లో లా ప్రాజ్ దగ్గర కొండచరియ విరిగి పాత లైను మీద పడింది. పారిస్–మిలాన్ రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ తెరిచింది 2025 మార్చి 31న. అంటే పందొమ్మిది నెలలు. ఒకే నెలలో రెండు దారులు దెబ్బతిన్నాయి. లా ప్రాజ్ సరిగ్గా కొత్త సొరంగం తప్పించుకుని పోయే భాగంలోనే ఉంది. కావాలనేవాళ్ళకి ఇంతకన్నా మంచి వాదన ముప్పై ఏళ్ళలో దొరకలేదు: టన్నుల లెక్క పక్కన పెట్టండి, ఆల్ప్స్ దాటడానికి ఇంకో గట్టి దారి ఉండాలా వద్దా? లాభనష్టాల షీట్‌లో "ఇంకో దారి ఉండటం" అనేదానికి ఒక గడి ఉండదు. ఇది నిజంగా విలువైన పాయింట్ అని నా అభిప్రాయం. అయితే దాని ధర లక్ష కోట్లు దాటిందని కూడా పక్కనే రాసుకోవాలి.

మరి స్విస్ వాళ్ళు ఇలాంటివే కట్టి ఎలా సక్సెస్ అయ్యారు? వాళ్ళు మొదలుపెట్టింది సొరంగంతో కాదు. 1994లో జనం ఓటేసి, ఆల్ప్స్ దాటే సరుకు రైలెక్కాలని రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. 2001 నుంచి లారీల మీద బరువు, దూరం బట్టి పన్ను. రాత్రిపూట లారీలు నడపకూడదు అనే రూల్ అంతకు ముందు నుంచే ఉంది. ఆ పన్ను డబ్బులు సొరంగాలకి పెట్టారు. లోచ్‌బెర్గ్ 2007లో, గోట్‌హార్డ్ 2016లో, చెనెరి 2020లో వచ్చాయి. ఆల్ప్స్ దాటే లారీలు 2000లో ఏడాదికి 14 లక్షలు ఉండేవి, తర్వాత ఒక దశలో 9 లక్షల లోపుకి దిగాయి. సరుకులో దాదాపు 70 శాతం రైలు మీదే. ఫ్రాన్స్ కూడా లారీ పన్ను తేబోయింది. 2013లో బ్రిటనీలో ఎర్రటోపీల ఆందోళన జరిగి, రోడ్ల మీద కట్టిన గ్యాంట్రీలు తగలబెట్టారు. 2014లో పన్నే వదిలేశారు. సొరంగం మాత్రం వదల్లేదు. సొరంగం తవ్వితే రిబ్బన్ కట్ చేయొచ్చు, లారీ పన్ను వేస్తే ఓట్లు పోతాయి. ఈ ప్రాజెక్ట్ మొత్తాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఇదే చెప్తాను.

ఇందాక వాయిదా వేసిన మాట, సొరంగం దాకా వచ్చే లైన్ల సంగతి. లియాన్ నుంచి సెయింట్ జాన్ ద మోరియెన్ దాకా కొత్త లైను కావాలి, దానికి మళ్ళీ షార్త్‌రూజ్, బెల్‌దోన్ కొండల కింద ఇంకొన్ని సొరంగాలు. 2023లో ఫ్రాన్స్ మౌలిక వసతుల సలహా మండలి, ఆ కొత్త లైనుని 2045 తర్వాతకి వాయిదా వేసి, ఉన్న పాత లైన్లనే బాగుచేసుకోండి అని సూచించింది. అంటే 2033లో ఎనిమిది లేన్ల బ్రిడ్జి రెడీ, దాని దగ్గరికి వెళ్ళే దారి మాత్రం పాత సింగిల్ రోడ్డు. స్విస్ వాళ్ళకీ ఈ బాధ ఉంది. గోట్‌హార్డ్‌కి ఉత్తరాన జర్మనీ కట్టాల్సిన రైన్ లోయ లైను ఇంకా పూర్తి కాలేదు. 2017 ఆగస్టులో రాష్టాట్ దగ్గర కొత్త సొరంగం తవ్వుతుంటే పైనున్న పట్టాలు కుంగిపోయి, ఏడు వారాలు యూరప్ గూడ్స్ ట్రాఫిక్ మొత్తం అల్లాడిపోయింది.

2025 నాటికి ఆ 164 కిలోమీటర్లలో దాదాపు నాలుగో వంతు తవ్వేశారు. ఇప్పుడు వెనక్కి పోయే పరిస్థితి లేదు. పోవాలని నేను కూడా అనను. కానీ "ఇది 30 లక్షల లారీలని తీసేస్తుంది" అని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మను. లారీ పన్ను లేకుండా, ఫ్రాన్స్ వైపు లైను లేకుండా, అది రెండు గొట్టాలే. ఇకమీదట ఈ ప్రాజెక్ట్ గురించి వార్త వస్తే, ఎన్ని కిలోమీటర్లు తవ్వారు అన్నది కాదు, లియాన్ వైపు లైనుకి ఫ్రాన్స్ ఏ బడ్జెట్‌లో ఎంత పెట్టింది, లారీ పన్ను మళ్ళీ తెచ్చిందా లేదా అన్నది చూడండి. నేనూ అదే చూస్తుంటాను, కదలిక వస్తే మళ్ళీ ఒక ఎపిసోడ్ చేస్తాను. ఉంటానండీ.